పసుపంటిన చిట్టి

అక్షరాలు నేర్చుకోక ముందు నాకు కాగితాలన్నిటికీ ఒకటే పేరు: చిట్టి. ఉత్తరం అనే మాట రేడియోలో విన్నదే గాని ఆర్మూర్‌లో మా గల్లీలో ఎవరి నోటా వినలేదు. దూరం నుంచి పోస్టులో వచ్చేది చిట్టి. దవాఖానలో డాక్టరు గీకి ఇచ్చేది చిట్టి. రేషన్ దుకాణంలో చూపించేది చిట్టి. పసుపు బస్తా మార్కెట్‌కు పోయేటప్పుడు కుట్టు సందులో దూర్చే ముక్క చిట్టి. ఓట్లకు ముందు ఇంటింటికీ తెచ్చి ఇచ్చేది కూడా చిట్టే. నా కొడుకు చిన్నప్పుడు దడుచుకుని జ్వరం తెచ్చుకుంటే దర్గా దగ్గర ముసలి సాబ్ ఒక చిట్టి రాసి ఇచ్చాడు. దాన్ని గ్లాసు నీళ్ళలో వేసి, సిరా కరిగిపోయాక ఆ నీళ్ళు తాగించాం. అందులో ఏం రాసి ఉందో మాకు తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు.

ఒకే మాటతో ఇన్ని కాగితాలు ఎలా గుర్తుపట్టారని ఈ మధ్య నా మనవరాలు అడిగింది. చదువు రానివాళ్ళు కాగితాన్ని చూడరని చదువుకున్నవాళ్ళు అనుకుంటారు. మేము చాలా చూస్తాం. అక్షరాలు తప్ప మిగతావన్నీ చూస్తాం. బస్తా చిట్టికి సూది తూట్లు ఉంటాయి. దవాఖాన చిట్టికి మందు వాసన ఉంటుంది. చావు చిట్టికి ఒక మూల చింపి ఉంటుంది; దాన్ని గడప బయటే చదివించి అక్కడే ముక్కలు చేయాలి. నాలుగు మూలలా పసుపు ఉంటే అది పెండ్లి చిట్టి. దాన్ని ముందు దేవుని దగ్గర పెట్టాలి. ఇంటాయన వచ్చి, కాళ్ళు కడుక్కుని, అప్పుడు విప్పాలి. ఇవన్నీ మా అత్త నాకు నేర్పింది. నేను కాపురానికి వచ్చిన ఇరవై ఏళ్ళలో మా ఇద్దరిలో ఎవరమూ ఒక్క చిట్టిని కూడా తప్పుగా గుర్తుపట్టలేదు. ఆ సంగతి మా అత్త నలుగురిలో చెప్పుకునేది.

నేను చెప్పబోయేది ఎనభైల నడుమ జరిగింది. మా పుట్టిల్లు కమ్మర్‌పల్లి దగ్గర ఒక ఊరు. బస్సులో గంట దూరం. నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మ మా అన్న దగ్గర ఉండేది. అన్న నాలుగో తరగతి దాకా చదివాడు. మా తల్లిదండ్రులు ఆ పాటి కూడా నన్ను బడికి పంపలేదు. అన్నకు ఒక బిడ్డ. ఆ పిల్ల తొట్టెలలో ఉన్నప్పుడే నేను దాని కాలికి గజ్జెలు తొడిగి, ఇది నా కోడలు అన్నాను. అమ్మ కూడా అదే అంది. అన్న కాదనలేదు. పదిహేనేళ్ళు ఆ మాట మీదే ఉన్నాం.

ఆ సంవత్సరం దసరా పోయాక, మెండోర దిక్కు నుంచి వేరే సంబంధం వచ్చిందని, కాలువ కింద పొలం ఉన్నవాళ్ళని, అన్న మాట ఇచ్చేట్టు ఉన్నాడని నాకు మూడో మనిషి చెప్పింది. మరునాడే బస్సెక్కి పోయాను. అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పులు విడవక ముందే అడిగాను.

“నా కొడుకుకు ఏం తక్కువైందన్నా?”

“తక్కువని ఎవలన్నరు? పిల్లకు మంచి సంబంధం వస్తే సూడద్దా?”

“అంటే మాది మంచిది కాదన్నట్టే గద.”

“నువ్వు మాటకు మాట తీయకు. ఇంట్లకు వొయ్యి అన్నం తిను.”

అమ్మ లోపలి నుంచి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. “ఇద్దరు నా కడుపుల వుట్టినోళ్ళే. మీరు మీరు కొట్లాడి నన్నెందుకు సంపుతరు?”

నేను అన్నం తినలేదు. వాకిట్లో నిలబడి, పక్కిళ్ళవాళ్ళు వినేటట్టు అన్నాను. “నీ బిడ్డ పెండ్లి యాడనన్న జేసుకో. నువ్వొచ్చి నా గడపల నిలవడి బొట్టు వెడితేనే వస్త. లేకుంటే నాకు తోడవుట్టినోడే లేడనుకుంట.”

ఆ తర్వాత నాలుగు నెలలు రాకపోకలు లేవు. అమ్మ రెండుసార్లు బస్సులో వచ్చేవాళ్ళతో చెప్పి పంపింది, ఒకసారి వచ్చిపో అని. పనులున్నాయని నేను చెప్పి పంపాను.

మాఘం పోయి ఫాల్గుణం వచ్చేసరికి పసుపు పనులు నడుస్తుంటాయి. తవ్వడం, కడాయిలో ఉడకబెట్టడం, పదిహేను రోజులు ఎండబెట్టడం, మెరుగెక్కడానికి డ్రమ్ములో వేసి తిప్పడం. డ్రమ్ములు తిరిగేటప్పుడు లేచే దుమ్ము గుట్ట రాళ్ళ దాకా పోతుంది. ఆ రెండు నెలలు మా దగ్గర మనుషుల చెవులు, మేకల వీపులు, బస్సు కిటికీలు, అన్నం గిన్నెల అంచులు అన్నీ పచ్చగానే ఉంటాయి. పసుపు అంటని వస్తువు చూపించమంటే చూపించలేం. ఈ సంగతి నాకు తెలియక కాదు.

ఆ రోజు సోమవారం. మా ఇంటాయన, కొడుకు ఇద్దరూ పసుపు లారీ వెంట మహారాష్ట్రలో సాంగ్లి మార్కెట్‌కు పోయి మూడు రోజులైంది. అక్కడ ధర కుదిరేదాకా ఉండాలి, వారమో పది రోజులో చెప్పలేం. నేను, అత్త వాకిట్లో కూర్చుని ఎండిన పసుపులో కొమ్ములను, గడ్డలను వేరు చేస్తున్నాం. గల్లీ మొదట్లో జీపు ఆగింది. కమ్మర్‌పల్లి నుంచి మనుషులను ఎక్కించుకొచ్చే జీపు. డ్రైవరు దిగి వచ్చి మడిచిన కాగితం నా చేతిలో పెట్టాడు.

“అక్కా, మీ అన్న గీ చిట్టి ఇయ్యమన్నడు.”

“ఏమన్నడు?”

“ఏమనలే. జల్ది ముట్టాలె అన్నడు, గంతే. జీపుల మంది ఒర్లుతున్నరు, నేను పోత.”

నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం. నాలుగు మడతలు. నాలుగు మూలలా పసుపు. ఏ మూలా చింపి లేదు.

అత్త మెడ చాపి చూసి మూతి విరిచింది. “పెండ్లి ఖాయమైనట్టుంది. సొంత చెల్లెకు జీపు డ్రైవర్‌తోని పిలుపు! అచ్చు గూడ కొట్టియ్యలే, పిల్లగాండ్ల బుక్కు సింపి పంపిండు. మీ పుట్టింటోళ్ళు మస్తు మర్యాదస్తులే.”

పక్కింటామె గోడ అవతల బీడీలు చుడుతోంది. ఆమెకు మా ఇంట్లో చీమ కదిలినా వినబడుతుంది. “ఏం చిట్టి అక్కా? మా పిల్ల ఇంక బడికి పోలే. గిట్ల తే, సదివిస్త.”

ఆమె బిడ్డ ఏడో తరగతి. తల దువ్వుకుంటున్నది, దువ్వెన జుట్టులో అట్లాగే ఉంచుకుని గోడ మీది నుంచి చేయి చాపింది. ఆ చేయి నాకు ఇప్పటికీ కనబడుతుంది. రెండు గాజులు, మణికట్టు మీద సిరా మరక.

“వద్దు” అన్నాను.

“అరే, ఎంతసేపు? రొండు నిమిషాలు.”

“వద్దంటున్న గద. మా ఇంటాయన వచ్చినంక సదువుతడు. అందాక నాకేం తెల్వదు. మా అన్న వచ్చి బొట్టు వెట్టినంక అన్ని తెలుస్తయి.”

“పంతానికే వుట్టింది ఇది” అని అత్త నవ్వింది. ఆ నవ్వులో మెచ్చుకోలు ఉంది. నేను చిట్టిని తీసుకెళ్ళి దేవుని గూట్లో పెట్టాను.

ఆ నాలుగు రోజులు నేను సంతోషంగా ఉన్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పసుపు ఏరుతూ మనసులో బొమ్మ కట్టుకునేదాన్ని. పిలుపుకు నేను బదులు పంపలేదని అన్నకు కోపం వస్తుంది, అమ్మ తిడుతుంది, ఆడబిడ్డ లేకుండా పెండ్లి ఎలా చేస్తావురా అని, చివరికి అన్న చేతిలో కుంకుమ భరిణె పట్టుకుని మా గడపలో నిలబడతాడు. నేను వెంటనే తల వంచను. కొంచెంసేపు నిలబెడతాను. ఎంతసేపు నిలబెట్టాలో కూడా అనుకున్నాను. ఆ బొమ్మలో అమ్మ ఎప్పుడూ నా పక్షమే, ఎప్పుడూ నిలబడే ఉండేది, గొంతు గట్టిగా ఉండేది.

శుక్రవారం మొదటి బస్సుకు అన్న దగ్గర జీతముండే మనిషి వచ్చాడు. లోపలికి రాలేదు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

“అమ్మ పోయింది” అన్నాడు.

“ఎవలమ్మ?” అని అడిగాను.

అతను నా వంక చూసి, “మీ అమ్మనే అక్కా. తెల్లారంగ. చిట్టి ముట్టలేదా? నాలుగొద్దుల నుంచి నీ తొవ్వనే సూస్తున్నది గద” అన్నాడు.

నేను, అత్త అదే బస్సు వెనక్కు తిరిగేటప్పుడు ఎక్కాం. గూట్లోని చిట్టి నా పిడికిట్లో ఉంది. కాళ్ళ దగ్గర బస్తాలు, నిలబడే చోటు లేదు. నా పక్కన ఎవరో పంతులమ్మ కూర్చుంది, ఒడిలో పుస్తకాలున్నాయి. ఆమెకు చిట్టి ఇచ్చి, జర సదువమ్మా అన్నాను. ఆమె బస్సు చప్పుడులో వినబడేటట్టు కొంచెం గట్టిగా చదివింది. ముందు సీట్లవాళ్ళు కూడా విన్నారు.

చెల్లెకు రాయునది. అమ్మకు మంచిగ లేదు. గంజి గూడ దిగుతలేదు. డాక్టరు ఇంటికి తీస్కపొమ్మన్నడు. నిన్నే అడుగుతున్నది. కడాయి నడుస్తున్నది, ఇడిసి వచ్చేటట్టు లేదు. చిట్టి ముట్టంగనే బైలెల్లు.

పెండ్లి మాట ఒక్కటీ లేదు.

“ఎప్పుడొచ్చిందమ్మా ఇది?” అని పంతులమ్మ అడిగింది.

“సోమారం.”

“ఈరోజు శుక్రవారం కదా.” ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. దాని మూలలు తాకిన తన వేళ్ళను చూసుకుని, కొంగుకు తుడుచుకుంది. వేళ్ళకు అంటిన పసుపు చూశాక గాని నాకు సంగతి అర్థం కాలేదు. అది ఎవరూ రాసిన పసుపు కాదు. పసుపు పని చేసే మనిషి చేతులతో కాగితాన్ని పట్టుకుని మడిస్తే అంటిన పసుపు. అది నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? మా అత్త కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

మేము పోయేసరికి అమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం ఇంత చిన్నదైంది. ఏడుస్తున్న ఆడవాళ్ళు నాకు దారి ఇచ్చారు. అన్న స్తంభానికి ఆనుకుని ఉన్నాడు.

“ఇయ్యాల దొరికిందా బస్సు?” అన్నాడు.

అంతమందీ నా వంక చూశారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: “నాకు సదువు రాదు గదన్నా. మా ఇంటాయన సాంగ్లి పోయిండు. సదివెటోళ్ళు ఇంట్ల ఎవలు లేరు.”

ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు. “అయ్యో పాపం, సదువు లేని బతుకు. చిట్టి చేతుల వెట్టుకోని తల్లిని సూడకపాయె” అని ఒక ముసలామె నన్ను పొదివి పట్టుకుంది. నేను ఆమె భుజం మీద పడి ఏడ్చాను. ఏడుస్తూనే అత్త వైపు చూశాను. అత్త ఒక్క మాట అంటే చాలు. నాకు ఎన్నో మాటలు అన్న మనిషి, ఆ రోజు నోరు విప్పలేదు. బతికున్నంత కాలం విప్పలేదు. అన్న కూడా ఇంకేమీ అడగలేదు. నమ్మాడో లేదో తెలియలేదు.

పదోనాడు వదిన చెప్పింది. మొదటి రెండు రోజులు అమ్మ ప్రతి బస్సు చప్పుడుకూ తల ఎత్తిందట. మంచం వాకిట్లో, రోడ్డు కనబడేటట్టు వేయించుకుందట. చిట్టి పోయిందా అని అడిగేదట. పోయింది అంటే సరే అనేది. బుధవారం నుంచి తల ఎత్తడం మానేసింది గాని, చెవి అటే ఉందని వదిన అంది. “చిట్టి పోయిందా” అన్నదే ఆమె చివరికి అడిగిన మాట. నేను ఇంటికి వచ్చాక చాలా రోజులు ఆ మాటను ఆమె గొంతుతో అనుకుని చూశాను. చిట్టి అంటే ఆమెకు నేను రావడమే. మాకు ఇంకో అర్థం నేర్పినవాళ్ళు లేరు.

ఏడాది తిరిగాక అన్న బిడ్డ పెండ్లి అయింది. అచ్చు వేసిన చిట్టి పోస్టులో వచ్చింది. బొట్టు పెట్టడానికి ఎవరూ రాలేదు. అయినా పోయాను. మేనత్త చేయాల్సిన పనులకు వదిన వాళ్ళ పిన్ని బిడ్డను పిలిచారు. నేను పందిట్లో మూడో వరుసలో కూర్చుని, అక్షింతలు వేసి, భోజనాల పిలుపు రాకముందే బస్సు ఎక్కాను.

తొంభైల మొదట్లో మా దగ్గర పెద్దవాళ్ళకు చదువు చెప్పే క్లాసులు పెట్టారు. మా గల్లీ ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట, బడి వెనక వరండాలో. చాలామంది బీడీల చాట ఒడిలో పెట్టుకునే వచ్చేవాళ్ళు. చెప్పేది పదో తరగతి పాసైన కొత్త కోడలు. నాకు నలభై దాటాయి. పలక పట్టుకుంటే నవ్వు వచ్చేది, సిగ్గు వచ్చేది. చేతులు కొమ్ములు విరిచి విరిచి మొద్దుబారాయి, బలపం నిలిచేది కాదు. అయినా మిగతావాళ్ళ కంటే నాకు తొందరగా వచ్చింది. నాకున్న తొందర వాళ్ళకు లేదు.

ఆ అమ్మాయి ఒక్కో కాగితం చూపించి పేరు రాయించేది. ఇది ఉత్తరం. ఇది రసీదు. ఇది దరఖాస్తు. ఇది శుభలేఖ. ఇది నోటీసు. ఒకే పేరు మీద అన్నేళ్ళు నా దగ్గర బతికిన కాగితాలు, ఒక్కొక్కటి తన పేరు తాను తీసుకుని వెళ్ళిపోయాయి. చివరికి చిట్టి అనే మాటకు ఏ కాగితమూ మిగలలేదు, అన్న రాసింది తప్ప. దాన్ని ఉత్తరం అనడానికి నాకు నోరు రాలేదు.

ఎందుకు చదువుకుంటున్నారో చెప్పమని ఒకరోజు ఆ అమ్మాయి అందరినీ అడిగింది. ఒకామె బస్సు బోర్డు చదవాలంది. ఒకామె, “మా ఆయన జేబుల ఏమేం చిట్లు వెట్టుకుంటున్నడో సూడాలె” అంటే అందరూ నవ్వారు. నా వంతు వచ్చినప్పుడు నేను అమ్మ సంగతి చెప్పాను. అన్నకు చెప్పినట్టే చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. తర్వాత మండల ఆఫీసు దగ్గర మీటింగులో నన్ను స్టేజీ ఎక్కించి చెప్పించింది. చప్పట్లు కొట్టారు. ఇంకో రెండు ఊళ్ళకు కూడా తీసుకుపోయారు. చెప్పిన కొద్దీ కథ నున్నగా అయింది. ఎక్కడ ఆగితే ఆడవాళ్ళు కొంగు కళ్ళకు అద్దుకుంటారో తెలిసిపోయింది. మూడోసారి, చిట్టి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగానని, చదివేవాళ్ళు ఒక్కరూ దొరకలేదని చెప్పాను. అది ముందు లేదు.

ఆ మీటింగు నుంచి వచ్చి బస్సు దిగి నడుస్తుంటే పక్కింటామె నాతో కలిసింది. ఆమె కూడా మా క్లాసే. కొంచెం దూరం పక్కనే నడిచింది.

“మంచిగ చెప్పినవ్ అక్కా. నాకు గూడ ఏడుపొచ్చింది” అంది. ఇంకొంచెం దూరం పోయాక, “మా పిల్ల ముచ్చట మర్సినట్టున్నవ్” అంది.

నేను కొంగు సర్దుకుని నడక తొందర చేశాను.

“అది ఇప్పటికి గూడ అడుగుతది. అత్తగారింటి నుంచి వచ్చినప్పుడల్లా. అమ్మా, నేను గోడ దుంకి గుంజుకోని సదివితే ఐపోవు గద, అంటది. నేను తిడత. నీకెందుకే పెద్దోళ్ళ ముచ్చట అంట.”

ఆమె గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. నేను చేసిన దానికి ఇన్నేళ్ళుగా ఇంకో ఇంటి పిల్ల బాధపడుతోందని నాకు అప్పుడే తెలిసింది. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

ఆ వారంలోనే పెట్టె అడుగున ఉన్న అన్న చిట్టిని తీసి నా కళ్ళతో నేను చదివాను. కూడబలుక్కుని చదవడానికి చాలా సేపు పట్టింది. బస్సులో పంతులమ్మ చదివినవే ఉన్నాయి. కాని ఆమె చదవనిది ఒకటి ఉంది. కడాయి నడుస్తున్నది అన్న మాటకు ముందు ఒక వరుస కొట్టేసి ఉంది. కొట్టేసింది గనక ఆమె వదిలేసింది. గీతల కింద అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. రేపు నేనే వచ్చి తోలుకపోత. అన్న ముందు అది రాశాడు. రాసి, కొట్టేసి, కడాయి సంగతి రాశాడు.

నేను మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. నాలుగో రోజు బస్సెక్కాను.

అన్న చేను నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. తల పూర్తిగా నెరిసింది. వదిన మంచం వాల్చి, నన్ను కూర్చోమని, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. మేమిద్దరమే మిగిలాం. ఇంకో మాట మాట్లాడితే అసలు మాట రాదని భయపడి గబగబా చెప్పేశాను.

“అన్నా, నాకు సదువు రాక కాదు ఆనాడు. పక్కింటి పిల్ల సదువుత అన్నది. నేనే వద్దన్న. పెండ్లి చిట్టి అనుకున్న. నువ్వు గడపలకు వచ్చిందాక ఇప్పద్దనుకున్న.”

అన్న చెంబు కింద పెట్టాడు. తువ్వాలతో పాదాలు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

“ఎర్కే” అన్నాడు.

“ఎట్లెర్క?”

“నువ్వు నా చెల్లెవు. నాకెర్కుండదా?”

నేను బస్సులో అనుకుంటూ వచ్చిన రెండో మాట అడిగాను. “నువ్వు ముందుగాల రేపొస్త అని రాసినవ్. మల్ల కొట్టేసినవ్. ఇప్పుడు నాకు సదువొచ్చింది, సూసిన. కడాయి అంత ఇడిసిరానట్టు ఉండెనా?”

అన్న తువ్వాల మడిచి భుజం మీద వేసుకున్నాడు. లోపల వదిన చక్కెర డబ్బా మూత తీస్తున్న చప్పుడు వినబడింది.

“కడాయి నడువలే” అన్నాడు. “మనది ఆదివారమే ఐపాయె. కడిగి బోర్లిచ్చినం.”

“మరి?”

“మెండోరోళ్ళకు పెండ్లి మాట ఇచ్చి అప్పటికి మూడొద్దులు. నేనొస్తే నువ్వు అమ్మ ముచ్చట కంటే ముందు గదే అడుగుతవ్. నీ గడపల నిలవడి నేనేం జెప్పాలె? చిట్టైతే నిన్ను సూడకుంట ఇయ్యచ్చనుకున్న. మీ ఊరికి పోయేది ఒక గంట. నేను పోలే.”

“అమ్మకు తెలుసునా?”

“తెల్వకేంది. మంచం గీడనే ఉండె. బోర్లిచ్చిన కడాయి ఎదురుంగ గోడకాడ ఉండె. ఒద్దు మొత్తం దాన్నే సూసుకుంట పండుకున్నది.”

“నిన్నేమన్నదన్నా?”

“ఏమనలే. ఇంకో చిట్టి రాయి బిడ్డా అన్నది. ఒక్కటి సాలదా అన్న నేను.”

వదిన చాయ్ తెచ్చింది. మా ముఖాలు చూసి, గ్లాసులు మంచం పట్టె మీద పెట్టి లోపలికి పోయింది. చాయ్ మీద మీగడ కట్టింది. ఇద్దరమూ ముట్టుకోలేదు.

“గా చిట్టి ఉన్నదా ఇంక?” అన్న అడిగాడు.

“ఉన్నది.”

“సింపెయ్యరాదు.”

“సింప.”

ఎందుకు అని అన్న అడగలేదు. అడిగితే నేను ఏం చెప్పేదాన్నో తెలియదు. మా ఇద్దరి తప్పూ ఒకే కాగితం మీద ఉంది. అన్నది అక్షరాల్లో ఉంది, నాది మూలల్లో ఉంది. దాన్ని చింపేస్తే అమ్మ ఎవరి కోసం ఎదురుచూసిందో చెప్పేది ఇంకేమీ ఉండదని అనిపించింది. అది సరైన మాటో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ తర్వాత మా రాకపోకలు మళ్ళీ మొదలయ్యాయని అందరూ అనుకున్నారు. అన్న రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు, ఒకసారి నా కొడుకు పెండ్లికి, ఒకసారి మార్కెట్ పని మీద. రెండుసార్లూ గడప దాటకుండా వాకిట్లోనే కూర్చున్నాడు. లోపలికి రా అన్నా అంటే, “వద్దులే, బస్సు టైమైతున్నది” అనేవాడు. బస్సుకు ఇంకా చాలా సేపు ఉండేది. అది ఇద్దరికీ తెలుసు. నేను బలవంతం చేసేదాన్ని కాదు.